పీరియడ్లు కూడా ట్రైనింగే: జబ్బు, దెబ్బ తర్వాత ట్రయాథ్లాన్‌కి తిరిగొచ్చే మేస్టార్లకి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు బళ్ళలో పాఠాలు చెబుతూ ట్రయాథ్లాన్ (ఈత, సైకిలు, పరుగు ఒకదాని తర్వాత ఒకటి చేసే పోటీ) సాధన చేసేవాళ్ళు జబ్బు పడి లేచాకో, దెబ్బ నుంచి తేరుకున్నాకో ముందుగా చేసే పని, ఫోన్లో ఒక పన్నెండు వారాల ప్లాను దించుకోవడం. ఆ ప్లాను మంచిదే కావచ్చు. కానీ అది రాసినవాళ్ళ లెక్కలో ఉద్యోగమంటే కుర్చీలో కూర్చునేది. పొద్దున్నే పరుగెత్తి ఆఫీసుకెళ్ళి కూర్చునేవాడి కాళ్ళకి సాయంత్రం దాకా విశ్రాంతి. మేస్టారికి అది లేదు. పొద్దున ప్రార్థన నుంచి చివరి గంట దాకా సిమెంటు నేల మీద నిలబడటం, భుజం కంటే పైకి చెయ్యెత్తి బోర్డు మీద రాయడం, గొంతు చించుకోవడం, మధ్యలో నీళ్ళు తాగడం మర్చిపోవడం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒళ్ళు ఇదంతా మోసేస్తుంది, మనకి తెలియను కూడా తెలియదు. మలేరియా వచ్చి తగ్గిన ఒంటికి మాత్రం ఆ ఆరు గంటలే ఒక పెద్ద వర్కౌట్.

కాబట్టి బడి టైంటేబుల్ ముందు, ట్రైనింగ్ టైంటేబుల్ తర్వాత. ఏ రోజు ఎన్ని పీరియడ్లు, ఏ రోజు ఇన్విజిలేషన్, ఏ రోజు మధ్యాహ్న భోజనం లెక్కలు, బడికి రానుపోను ఎంత దూరం అన్నవి ఒక కాగితం మీద రాసుకుని, మిగిలిన సందుల్లో ఈత, సైకిలు, పరుగు పెట్టుకోవాలి. తలకిందులుగా చేస్తే నాలుగో వారానికల్లా మళ్ళీ మంచం ఎక్కుతారు.

జ్వరం దిగడం వేరు, ఒళ్ళు తేరుకోవడం వేరు

మన వైపు ట్రైనింగ్‌ని ఆపే జ్వరాలు ముఖ్యంగా మూడు: మలేరియా, డెంగ్యూ, టైఫాయిడ్. మూడూ ఒకేలా ఒళ్ళు గుల్ల చేస్తాయి కానీ తిరిగి రావడంలో జాగ్రత్తలు వేరు వేరు. ఈ తేడా తెలియకే చాలామంది ఇబ్బంది పడతారు.

మలేరియా ఎర్ర రక్తకణాలని పగలగొడుతుంది. జ్వరం మూడు రోజుల్లో తగ్గినా రక్తం తిరిగి పట్టడానికి వారాలు పడుతుంది. అందుకే మందుల కోర్సు అయ్యాక హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. మగవాళ్ళకి 13, ఆడవాళ్ళకి 12 కంటే తక్కువుంటే అది రక్తహీనతే. ఆ స్థితిలో ఇంటర్వల్స్ (మధ్యమధ్య విరామంతో గట్టి వేగం విడతలు) చేస్తే ఫిట్‌నెస్ పెరగదు, ఆయాసం మాత్రం పెరుగుతుంది. రెండోది ప్లీహం. మలేరియాలో ఎడమ డొక్కలో ప్లీహం వాస్తుంది, వాచిన ప్లీహం చిన్న దెబ్బకే చిట్లవచ్చు. సైకిలు మీద నుంచి పడితే హ్యాండిల్ వచ్చి తగిలేది సరిగ్గా అక్కడే. డాక్టరు పొట్ట తడిమి చూసి, అవసరమైతే స్కానింగ్ తీయించి, వాపు లేదని చెప్పేదాకా రోడ్డు మీద సైకిలు వద్దు. ఇంట్లో ట్రైనర్ స్టాండుకి (సైకిలుని కదలకుండా నిలిపే స్టాండు) బిగించి తొక్కుకోవచ్చు.

మూడోది వైవాక్స్ మలేరియా సంగతి. ఈ రకం క్రిమి కాలేయంలో నిద్రపోతూ ఉండి, వారాలకో నెలలకో మళ్ళీ లేస్తుంది. దాన్ని చంపడానికే ప్రైమాక్విన్ మాత్ర పద్నాలుగు రోజులు ఇస్తారు. జ్వరం లేదు కదా అని అయిదో రోజు మానేస్తే, సరిగ్గా ట్రైనింగ్ ఊపందుకున్న వేళకి చలిజ్వరం మళ్ళీ తలుపు తడుతుంది. ఆ మాత్రకి ముందు జీ6పీడీ పరీక్ష అవసరమా అని డాక్టర్ని తప్పకుండా అడగండి, ఆ ఎంజైము లోపం ఉన్నవాళ్ళకి ఆ మాత్ర రక్తాన్ని విరగ్గొడుతుంది. కొండ ఊళ్ళలో పనిచేసేవాళ్ళు అనుమానం రాగానే ఆశా కార్యకర్త దగ్గర వేలి చుక్క పరీక్ష చేయించుకోవడం మేలు. ఒడిశాలో 2017 నుంచి దమన్ కార్యక్రమం కింద మారుమూల ఊళ్ళలో మలేరియా పరీక్షలు, మందులు, దోమతెరలు అందుతున్నాయి.

డెంగ్యూలో ప్రమాదం జ్వరం దిగే వేళలో ఉంటుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య ఒళ్ళు చల్లబడుతుంటే ప్లేట్‌లెట్లు పడిపోతుంటాయి. ఆ రోజుల్లో ఒళ్ళునొప్పులకి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వేసుకోకూడదు, పారాసెటమాల్ ఒక్కటే. తేరుకునే దశలో ఇంకో తిరకాసు ఉంది. డెంగ్యూ తర్వాత కొందరికి కొన్ని రోజులు గుండె మామూలు కంటే నెమ్మదిగా కొట్టుకుంటుంది. పొద్దున వాచీలో 48 చూసి 'అబ్బ, విశ్రాంతితో ఫిట్‌నెస్ పెరిగింది' అనుకుంటే పొరపాటు. అది జబ్బు గుర్తు. ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటడం రోడ్డు మీద సైకిలు తొక్కడానికి కనీస షరతు మాత్రమే, నీరసం అంతకంటే చాలా వారాలు ఉంటుంది.

టైఫాయిడ్‌లో పేగులకి పుండ్లు పడతాయి. జబ్బు మూడో వారం ప్రాంతంలో పేగు చిల్లు పడే ముప్పు ఉంటుంది కాబట్టి, జ్వరం తగ్గిందని ప్లాంకులు, పొట్ట వ్యాయామాలు తొందరపడి మొదలుపెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, మీకు ఇచ్చిన యాంటీబయాటిక్ పేరు చూసుకోండి. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ జాతి మందులు మడమ వెనక ఉండే అకిలీస్ టెండన్‌ని (పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే తాడులాంటిది) బలహీనపరుస్తాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లోనే ఈ మందుల సమాచార పత్రంలో నల్ల గడి కట్టిన తీవ్ర హెచ్చరిక పెట్టించింది. కోర్సు అయిపోయాక కొన్ని నెలల దాకా కూడా టెండన్ తెగవచ్చు. అరవై దాటినవాళ్ళకీ, స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళకీ ముప్పు ఇంకా ఎక్కువ. విరేచనాలకి మందుల షాపులో అడగ్గానే చేతిలో పెట్టే ఆఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ మాత్ర కూడా ఈ జాతిదే. పరుగెత్తేవాళ్ళు డాక్టరుతో 'నేను పరుగెత్తుతాను, ఇది కాక వేరే మందు కుదురుతుందా' అని అడగడంలో తప్పు లేదు. వాడక తప్పకపోతే మందు మానేసిన తర్వాత కూడా కొన్ని వారాలు గెంతడం, మెట్ల మీద పరుగు, స్పీడు పరుగు పక్కన పెట్టాలి. మడమ వెనక నొప్పి మొదలైతే అదే రోజు డాక్టరుకి చెప్పాలి.

ఏ జ్వరం తర్వాతైనా ఛాతీలో నొప్పి, గుండెదడ, మెట్లెక్కితే ఇదివరకు లేని ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే ఈసీజీ, ఎకో అయ్యేదాకా ఏమీ చేయొద్దు. గుండె కండరానికి వాపు తేలితే మూడు నుంచి ఆరు నెలలు పోటీల మాటే ఉండదు.

మెట్టు మెట్టుగా

మొదటి మెట్టు బడి. వేరే ఏమీ లేదు. పారాసెటమాల్ లేకుండా జ్వరం తగ్గి కనీసం వారం గడిచాక డ్యూటీలో చేరి, ఒక వారం పూర్తిగా పాఠాలు చెప్పండి. శనివారం సాయంత్రం కూడా సోమవారం ఉన్నట్టే ఉన్నారా? ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే మంచం మీద వాలిపోతున్నారా? వాలిపోతుంటే ఇంకో వారం బడి ఒక్కటే. ఇది చాలామందికి నచ్చదు. కానీ ఈ ఒక్క వారం ఓపిక పట్టకపోతే తర్వాత నెల పోతుంది.

పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర రెండు వేళ్ళు పెట్టి పూర్తి నిమిషం నాడి లెక్కపెట్టండి. లెసన్ డైరీ మార్జిన్లో ఆ అంకె రాసుకోండి. జబ్బుకి ముందున్న అంకె గుర్తుంటే దానితో, లేకపోతే రెండు వారాల సగటుతో పోల్చాలి. 7, 8 ఎక్కువ ఉంటే ఆ రోజు నడక మించి వద్దు. తర్వాత లేచి నిలబడి రెండు నిమిషాలయ్యాక మళ్ళీ లెక్కపెట్టండి. పడుకున్నప్పటి కంటే 30 దాటి పెరిగి, అలాగే నిలిచి, తల తేలిపోతుంటే ట్రైనింగ్ సంగతి మరిచిపోయి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

బడి మెట్టు దాటాక రోజు విడిచి రోజు 20 నిమిషాల నడక. తర్వాత చదును రోడ్డు మీద 30 నిమిషాల సైకిలు. ఆ తర్వాత ఈత, నిలబడగలిగే లోతులో, పక్కన మనిషి ఉండగా, 25 మీటర్లవి పది, మధ్యలో 30 సెకన్ల విరామం. పరుగు అన్నిటికంటే ఆఖర్న. ఒక్కో మెట్టు మీద కనీసం అయిదు రోజులు. తీవ్రత ఎంతుండాలో చూసుకోవడానికి వాచీ అక్కర్లేదు, సైకిలు తొక్కుతూ పదమూడో ఎక్కం పైకి చెప్పండి. గుక్క తిప్పుకోవడానికి మధ్యలో ఆగితే స్పీడు ఎక్కువైనట్టు.

వర్కౌట్ అయిన రోజు కాదు, తర్వాతి రెండు రోజులు చూడాలి. వైరల్ జ్వరాల తర్వాత ఒళ్ళు చేసిన పనికి బిల్లు 24 నుంచి 48 గంటల తర్వాత పంపుతుంది. మంగళవారం సైకిలు హాయిగా సాగి, గురువారం నాలుగో పీరియడ్లో బోర్డు పట్టుకుని నిలబడాల్సి వస్తే, కారణం మంగళవారమే. అప్పుడు రెండు మెట్లు దిగాలి, ఒకటి కాదు.

మడమ, అరికాలు, భుజం

దెబ్బల్లో మేస్టార్లని ఎక్కువగా పట్టేవి ఈ మూడే, ఎందుకంటే మూడింటినీ బడి కూడా వాడుకుంటుంది.

అకిలీస్ నొప్పికి స్వీడన్ సర్జన్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన మడమ దించుడు పద్ధతి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. బడి వరండా మెట్టు చాలు. మెట్టు అంచు మీద పాదం ముందు సగం ఆనించి, స్తంభం పట్టుకుని, రెండు కాళ్ళ మీద పైకి లేవాలి. పైకొచ్చాక బరువంతా నొప్పి కాలి మీద వేసి, బాగున్న కాలు ఎత్తేసి, మూడు సెకన్లు తీసుకుంటూ మడమని మెట్టు కిందికి దించాలి. పైకి లేవడానికి మళ్ళీ రెండు కాళ్ళూ. మోకాలు తిన్నగా పెట్టి 15 చొప్పున మూడు సార్లు, మోకాలు కొద్దిగా వంచి మళ్ళీ 15 చొప్పున మూడు సార్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పన్నెండు వారాలు. రోజుకి 180 అవుతాయి. తేలికనిపిస్తే బ్యాగులో పుస్తకాలు వేసి వీపుకి తగిలించుకోండి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉండటం తప్పు కాదు. పదికి మూడు మించకుండా, మర్నాడు పొద్దున మామూలుకి వస్తే చాలు.

తేడా పడేది ఇక్కడ: నొప్పి మడమ ఎముకకి రెండు నుంచి ఆరు సెంటీమీటర్లు పైన ఉంటేనే మడమ మెట్టు కిందికి దించాలి. ఎముకకి అంటుకునే చోటే నొప్పి ఉంటే నేల మీదే చేయాలి, కిందికి దించితే టెండన్ ఎముకకి నొక్కుకుని ఇంకా రేగుతుంది. పది వారాలు చేసినా తగ్గలేదనేవాళ్ళలో చాలామంది ఈ రెండో రకం వాళ్ళే. ఇంకో సంగతి, అకిలీస్ నొప్పి ఉన్నవాళ్ళు ఈత కొలనులో గోడని తన్ని తిరగడం, సైకిలు మీద పెడల్‌ని మునివేళ్ళతో తొక్కడం కూడా పిక్క మీద భారమే. క్లీట్ (షూని పెడల్‌కి బిగించే ముక్క) ఉంటే దాన్ని షూ మీద వెనక్కి జరపండి, సీటు మరీ ఎత్తుంటే దించండి. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు మోకాలు సరిగ్గా తిన్నగా వస్తే ఆ ఎత్తు సరిపోతుంది. అంతకంటే దించితే ఈసారి మోకాలి చిప్ప నొప్పి మొదలవుతుంది.

అరికాలి నొప్పి పొద్దున మొదటి అడుగులోనే తెలుస్తుంది. మన బళ్ళలో తరగతి గుమ్మం బయట చెప్పులు విప్పే అలవాటు మంచిదే కానీ, ఈ నొప్పి ఉన్నన్నాళ్ళూ ఉత్త సిమెంటు మీద నిలబడకూడదు. తరగతిలోకే వాడే మెత్తటి చెప్పుల జత ఒకటి స్టాఫ్ రూంలో ఉంచుకోండి, హెడ్‌మాస్టారికి కారణం చెబితే కాదనరు. వ్యాయామం కూడా సులువు: తువ్వాలు చుట్టి కాలివేళ్ళ కింద పెట్టి, మూడు సెకన్లలో మడమ ఎత్తి, రెండు సెకన్లు ఆపి, మూడు సెకన్లలో దించాలి. 12 చొప్పున మూడు సార్లు, రోజు విడిచి రోజు.

భుజం సంగతి ఎవరూ పట్టించుకోరు. బోర్డు పై సగంలో రాయడం, ఫ్రీస్టైల్లో చెయ్యి ముందుకు చాచడం, రెండూ ఒకే టెండన్‌ని నలిపేవే. వారానికి ఈత ఒక్కసారే అయినా భుజం నొప్పెడుతోందంటే దోషం ఈతలో కంటే బోర్డులోనే ఎక్కువ. కళ్ళ ఎత్తుకి మించి రాయకండి. పై సగంలో తేదీ, పాఠం పేరు పిల్లల చేత రాయించండి. వ్యాయామానికి సాగే బ్యాండు కొనక్కర్లేదు, పాత సైకిలు ట్యూబు నిలువునా కోసి కిటికీ ఊచకి కట్టండి. మోచేతిని పక్కటెముకలకి ఆనించి, మధ్యలో మడతపెట్టిన చేతిరుమాలు ఇరికించి, ట్యూబుని బయటికి లాగి నెమ్మదిగా వదలాలి. రుమాలు జారి పడితే మోచెయ్యి పక్కకి పోయినట్టు. 15 చొప్పున మూడు సార్లు, రోజూ. స్టాఫ్ రూం కిటికీ దగ్గర టీ కాగేలోపు అయిపోతుంది.

పరుగుకి తిరిగొచ్చే ముందు మూడు పరీక్షలు పాసవ్వాలి: నొప్పి లేకుండా 30 నిమిషాల గట్టి నడక, ఒంటికాలి మీద 25 సార్లు మడమ ఎత్తడం, ఒంటికాలి మీద 10 గెంతులు. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిది సార్లు. రెండు విడతలు బాగా సాగితే రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక. పరుగు రోజుల మధ్య 48 గంటలు ఉంచండి, టెండన్ తనని తాను కట్టుకునేది ఆ విరామంలోనే. ముందుగా, వారానికి పరుగు రోజుల సంఖ్య పెంచాలి, దూరం తర్వాత, వేగం ఆఖర్న. ఎముక మీద వేలు పెడితే ఒకే చోట చురుక్కుమనడం, రాత్రి పడుకున్నా నొప్పి ఉండటం ఎముక చిట్లిన గుర్తులు. పరుగు ఆపి డాక్టర్ని కలవాలి.

వారం ఎలా ఉండాలి

ఎనిమిది వారాలు గడిచి, మూడూ మొదలైన మేస్టారికి వారానికి నాలుగున్నర గంటలు చాలు. సోమవారం ఖాళీ, మడమ దించుడు, ట్యూబు మాత్రమే. మంగళవారం 40 నిమిషాల సైకిలు, మధ్యలో మూడేసి నిమిషాల గట్టి తొక్కుడు నాలుగు సార్లు. బుధ, శుక్రవారాలు పొద్దున పరుగు–నడక అరగంట చొప్పున. శనివారం గంటన్నర సైకిలు, వంశధార పక్కనున్న చదును రోడ్ల మీద, ఘాట్ రోడ్డు ఎక్కకుండా. ఆదివారం పట్నం వెళ్ళి గంట ఈత. మిగిలిన ఇరవై నిమిషాలు అటూ ఇటూ పోతాయి, పోనివ్వండి.

పరుగు పొద్దున పెట్టమనడానికి కారణం ఉంది. ఆరు గంటలు నిలబడ్డాక పిక్కలు బిగిసి, పాదాలు ఉబ్బి ఉంటాయి. సాయంత్రం సైకిలు వాటికి హాయి, పరుగు కాదు. కాకపోతే పొద్దున మడమ బిరుసుగా ఉంటుంది కాబట్టి పది నిమిషాలు నడిచాకే పరుగు. పూర్తిగా తెల్లవారాక బయల్దేరండి. మహేంద్రగిరి చుట్టుపక్కల చీకట్లో ఎలుగుబంటి భయం ఉంది, లారీల సంగతి సరేసరి.

గట్టి వర్కౌట్‌ని తక్కువ పీరియడ్లున్న రోజున పెట్టుకోవాలి. ఇన్విజిలేషన్ అంటే మూడు గంటలు నిలబడటం, దాన్ని ఒక వర్కౌట్ కిందే కొట్టేయండి. పేపర్లు దిద్దే రోజుల్లో మొత్తం సగానికి తగ్గించి, ప్రతి వర్కౌట్‌నీ కుదించండి తప్ప ఏ ఒక్కదాన్నీ పూర్తిగా మానకండి. వారానికి రెండు సైకిళ్ళు, రెండు పరుగులు చిన్నవైనా ఉంటే నెల రోజుల్లో పెద్దగా ఏమీ పోదు. నిద్ర ఏడున్నర గంటలకి తగ్గేట్టుంటే పొద్దుటి వర్కౌట్ మానేసి పడుకోండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఈతలో ముందుకెళుతున్నామా అని చూడటానికి ఆరు వారాలయ్యాక ఒక పరీక్ష: 400 మీటర్లకీ 200 మీటర్లకీ పట్టిన సమయాల తేడాని రెండుతో భాగించాలి. 400కి 10 నిమిషాలు, 200కి 4 నిమిషాల 40 సెకన్లు పడితే, తేడా 320 సెకన్లు, అంటే 100 మీటర్లకి 2 నిమిషాల 40 సెకన్లు. తర్వాతి నెలంతా ఆ వేగానికి అయిదు సెకన్లు నెమ్మదిగా ఈదితే చాలు.

తిండి గురించి కొంచెమే. అరవై కిలోల మనిషికి తేరుకునే కాలంలో రోజుకి 90 గ్రాముల ప్రోటీన్ పెట్టుకోవాలి: రెండు గుడ్లు, 100 గ్రాముల ఉలవలో పప్పో, అరలీటరు పాలు, గుప్పెడు వేరుశెనగలు, ఒక పూట చేప. పొద్దున వర్కౌట్‌కి ముందు చోడి అంబలి గ్లాసుడు, బెల్లం ముక్క. అన్నంతో పాటే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు, గంట ఆగండి. నీళ్ళ సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. బడిలో మరుగుదొడ్డి సరిగా లేదని చాలామంది టీచరమ్మలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళే తాగరు. అలాంటి రోజు సాయంత్రం వర్కౌట్ పెట్టుకోకండి. వర్కౌట్‌కి ముందు, తర్వాత బరువు చూసుకుంటే, తగ్గిన ప్రతి కిలో దాదాపు ఒక లీటరు చెమట. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసుడు నీళ్ళలో కలిపి తాగకూడదు.

ఏ నెలలో ఏం

ఒడిశా బళ్ళలో కొత్త తరగతులు ఏప్రిల్లో మొదలై, పొద్దుటి బడి నడిచి, తర్వాత వేసవి సెలవులొస్తాయి. అసలు ఉచ్చు ఈ సెలవులే. ఖాళీ దొరికింది కదా అని ట్రైనింగ్ రెట్టింపు చేస్తారు, అదీ ఏడాదిలో అన్నిటికంటే వేడి రోజుల్లో. జూన్‌లో బడి తెరిచేసరికి పెరిగిన ట్రైనింగ్ మీద నిలబడే డ్యూటీ వచ్చి పడుతుంది, పిక్కలు రెండింటినీ మోయలేవు. సెలవుల్లో సైకిలు, ఈత పెంచుకోండి, పరుగు మాత్రం బడి ఉన్న వారాల్లో ఎంతో అంతే. ఎండకి ఒళ్ళు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, జబ్బుతో మంచాన పడితే ఆ అలవాటు పోతుంది. మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క.

జులై నుంచి అక్టోబరు జ్వరాల కాలం. అక్టోబరు తుపాన్ల నెల కూడా: 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాని వరదల్లో ముంచింది. అలాంటప్పుడు బడే పునరావాస కేంద్రం, మేస్టారే అక్కడ కాపలా. గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 అనే పెద్ద ట్రయాథ్లాన్ పోటీ అక్టోబరు, నవంబరుల్లో జరుగుతోంది. 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిలు, 21.1 పరుగు. దానికి గట్టి సాధన ఆగస్టు, సెప్టెంబరుల్లో పడుతుంది, అంటే దోమల కాలం నడిమధ్య. జబ్బు నుంచి లేచిన మొదటి ఏడాది దాని జోలికి వెళ్ళొద్దన్నది నా గట్టి అభిప్రాయం. ఆగస్టు మధ్యలో నడకతో మొదలుపెడితే డిసెంబరు, జనవరికి స్ప్రింట్ పోటీకి (చిన్న ట్రయాథ్లాన్) సిద్ధమవుతారు: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. ఫిబ్రవరి నుంచి పరీక్షల పని ఎలాగూ ఉంటుంది. పోటీకి రెండు వారాల ముందు, ఒక శని ఆదివారాల్లో ఈ మూడు దూరాలూ విడివిడిగా నెమ్మదిగా పూర్తిచేసి, సోమవారం అన్ని పీరియడ్లూ నిలబడి చెప్పగలిగితే వెళ్ళండి. సోమవారం కుర్చీ వెతుక్కోవాల్సి వస్తే పరుగు ఇంకెవరికైనా అప్పగించి రిలేలో దిగండి, లేదా ఆ ఏటికి వదిలేయండి.

సముద్రం ఈత కావాలంటే బరంపురం వైపు వాళ్ళకి గోపాల్‌పూర్ ఉంది. కొలనులో ఆగకుండా 800 మీటర్లు ఈదగలిగాకే దిగాలి. ఒడ్డున అలలు విరిగే చోట్ల మధ్య ఒక సందులో అల విరగకుండా, నీళ్ళు మట్టిరంగులో నురుగుతో లోపలికి పోతుంటే అది లాగుడు ప్రవాహం, ఒడ్డున నిలబడి పది నిమిషాలు చూస్తే కనబడుతుంది. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు, దానితో పోటీపడి గెలిచేవాడు లేడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక అలలు విరిగే చోటు నుంచి బయటికి రావాలి. రంగు టోపీ, నడుముకి కట్టుకునే తేలే బోయ, ఒడ్డున ఈత వచ్చిన మనిషి, ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ రోజు కొలనుకే వెళ్ళండి. వర్షాకాలంలో, వాయుగుండం ఉన్నప్పుడు అసలు దిగొద్దు. వరద నీళ్ళు చేరిన చెరువులు, నదులు కూడా వద్దు, ఆ నీళ్ళతో ఎలుక మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కాళ్ళ మీద చిన్న గాటు ఉన్నా చాలు, అందులోంచి ఒంట్లోకి చేరుతుంది.